థేమ్స్ గట్టు మీద ఒక రోజు: నడక రాసేవారికి ఉత్తరం

చిరంజీవికి,

ఇంగ్లండులో థేమ్స్ నది గట్టు వెంట లెచ్‌లేడ్ నుంచి న్యూబ్రిడ్జ్ దాకా నడిచి నువ్వు రాసిన వ్యాసం చదివాను. సుమారు 26 కిలోమీటర్ల నడక. 'ప్రశాంతం' అన్న మాట ప్రతి పేరాలో ఉంది గానీ కాలి కింద నేల ఎక్కడా కనిపించలేదు. కొండలూ లోయలూ లేని చోట, ఏమీ జరగలేదనుకుని విశేషణాలతో నింపేస్తాం. జరిగేవి చాలానే ఉంటాయి. వాటికి కారణాలుంటాయి. ఆ కారణాలు రాయి.

'వంతెన దాటాం' అన్నావు. ఎందుకు దాటాలి? ఒకప్పుడు సరుకు పడవలను గుర్రాలు తాడుతో లాగిన గట్టు అది. భూమి ఆసామి ఒప్పుకోని చోట దారి అవతలి ఒడ్డుకు మారేది, గుర్రాలను బల్లకట్టు మీద దాటించేవారు. బల్లకట్లు పోయాయి. అందుకే 1996లో మొదలైన ఈ జాతీయ నడకదారి కొన్నిచోట్ల నదిని వదిలి చుట్టుతిరిగి వెళుతుంది. ఈ సంగతి తెలిస్తే పాఠకుడు వంతెన మీద ఒక్క క్షణం ఆగుతాడు.

కుడి, ఎడమ తికమక పెట్టావు. నీళ్ళు పారే వైపు తిరిగి నిలబడి చెప్పాలి. సాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ లెక్క అదే.

'గులాబీ రంగు పూలు' అని వదిలేశావే, అది హిమాలయన్ బాల్సమ్. 1839లో మన కొండల నుంచి తోట మొక్కగా ఇంగ్లండు చేరింది. పండిన కాయ తాకితే పేలి, గింజలు ఏడు మీటర్ల దాకా ఎగురుతాయి. గుబురుగా పెరిగి మిగతా మొక్కలను అణచేస్తుంది, చలికాలంలో తాను చచ్చిపోతుంది. బోసిపోయిన గట్టు మట్టి వరదకు కొట్టుకుపోతుంది. అంత అందమైన పువ్వు గట్టును తినేస్తోందని చెప్పకపోతే ఎలా?

పచ్చికలో నిలిచిన కాంక్రీటు గదులు 1940లో జర్మన్ దాడికి భయపడి కట్టినవి. తుపాకీ కన్నాలు ఎటు చూస్తున్నాయో గమనించు. దారిలోని కెల్మ్‌స్కాట్ ఊళ్ళో కవి, కళాకారుడు విలియం మోరిస్ ఇంటికి మాత్రం రెండు వాక్యాలు చాలు.

ప్రతి లాకు దగ్గరా ఆగి గంట ఎంతో, నేల ఎలా ఉందో, ఎవరు ఏం పనిలో ఉన్నారో పెన్సిల్‌తో రాసుకో. తడి కాగితం మీద పెన్ను అలుక్కుపోతుంది. చదునైన నేల మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తావు. తడి గడ్డి, గేట్లు ఆ వేగాన్ని తగ్గిస్తాయి. టాడ్‌పోల్ వంతెన దాటాక న్యూబ్రిడ్జ్ దాకా దారి మీద అంగడి లేదు. కాళ్ళు బరువెక్కేది అక్కడే, నీ వ్యాసం పరుగెత్తిందీ అక్కడే. నెల కూడా చెప్పు: చలికాలంలో ఈ పచ్చికబయళ్ళు మునుగుతాయి, నిన్ను నమ్మి బయల్దేరినవాడు ఇబ్బంది పడతాడు.

రాడ్‌కాట్ వంతెన నుంచి రషీ లాకు దాకా మాత్రమే మళ్ళీ రాసి పంపు. రెండు పేజీలు చాలు.

ఆశీస్సులతో.