కాంపౌండ్ విల్లు డ్రా వెయిట్ తగ్గించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కాంపౌండ్ విల్లు (చివర్లలో క్యామ్ అనే చక్రాలుండేది) డ్రా వెయిట్, అంటే లాగడానికి పట్టే బలం, 50 పౌండ్లుంది. లాగేటప్పుడు చెయ్యి ఆకాశంలోకి లేపేస్తోంది. 42కి దించాలి. ఇంట్లో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కుదురుతుందండి. విల్లుని నొక్కిపట్టే బో ప్రెస్ యంత్రం కూడా అక్కర్లేదు. అది స్ట్రింగ్, కేబుళ్లు విప్పడానికే. అయితే ముందు లింబ్ (విల్లులో వంగే కొమ్ము) మీద లేబుల్ చూడండి. 40–50 అని ఉంటే సరే. 50–60 అని ఉంటే మీరిప్పటికే అడుగున ఉన్నట్టే, లింబులు మార్చాల్సిందే. లింబుల్ని పట్టి ఉంచే బోల్టులు ఇంకాస్త వదులు చేద్దామని మాత్రం అనుకోకండి. మాన్యువల్లో చెప్పినన్ని చుట్లు దాటితే బోల్టు మర చాలక లింబ్ ఊడి మీదకొస్తుంది.

లింబ్ పాకెట్ (లింబ్ కూర్చునే గాడి) పక్కన లాక్ స్క్రూ ఉంటే ముందు దాన్ని వదులు చేయాలి. మర్చిపోయి ఎలెన్ కీతో బలవంతం చేస్తే బోల్టు తల అరిగిపోతుంది. అమ్మినవాళ్లు పైనొకలా కిందొకలా తిప్పి ఉండొచ్చు కాబట్టి, రెండు బోల్టులూ మెల్లగా చివరిదాకా బిగించి అక్కడి నుంచి లెక్క మొదలెట్టండి. పైది అర చుట్టు ఎడమకి, కిందది అర చుట్టు ఎడమకి, అలా మార్చి మార్చి. రెండూ ఒక్కో చుట్టు వదిలితే విల్లుని బట్టి 2 నుంచి 4 పౌండ్లు తగ్గుతుంది. హెచ్చుతగ్గులొస్తే నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద బాణం తగిలించే చోటు) జరిగి బాణం ఎగుడుదిగుడుగా పోతుంది.

చుట్లు నమ్మొద్దు, తూచండి. చేపలు, రొయ్యలు తూచే హుక్ కాటా చాలు, గరిష్ఠ బరువు చూపించేదైతే మంచిది. దూలానికి కట్టి, హుక్కుకి డి లూప్ (స్ట్రింగ్‌కి కట్టిన చిన్న తాడు ఉంగరం) తగిలించి, గ్రిప్ పట్టుకుని నిదానంగా కిందికి లాగి, అంతే నిదానంగా వదలండి. 42 పౌండ్లంటే 19 కిలోలు. లాగుడు మధ్యలో కనిపించే అత్యధిక అంకె తీసుకోండి, చివర్లో క్యామ్ తిరిగాక పడిపోయేది కాదు. బాణం లేకుండా స్ట్రింగ్ వదిలేశారో, లింబులు విరుగుతాయి.

లాక్ స్క్రూ తిరిగి బిగించాక పీప్ (స్ట్రింగ్‌లో గురి చూసే చిన్న రంధ్రం) కంటికి ఎదురుగా వస్తోందో లేదో చూడండి. బాణాలు కిందకి తగులుతాయి, సైట్ పిన్ (విల్లు మీద గురి చూసే పుల్ల) కిందికి దించాలి. 50కి కొన్న బాణాలు 42కి గట్టిపడినట్టే. కుడిచేతివాటం వాళ్లకి ఎడమకి లాగుతుంటే కారణం అదే కావచ్చు.

పోటీ సంగతా? వరల్డ్ ఆర్చరీ నియమాల్లో 60 పౌండ్లు పై హద్దు, కింద హద్దు లేదు. చెయ్యి ఆకాశంలోకి లేపితేనే జడ్జీలు ఒప్పుకోరు. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు నేలకానకుండా తిన్నగా లాగమనండి. రాకపోతే మరో రెండు పౌండ్లు దించండి.