ఎంబీబీఎస్ లేకుండా ఆంకోఫెర్టిలిటీలోకి

ప్రశ్న: మా అక్కకు 24వ ఏట హాడ్జ్‌కిన్ లింఫోమా (శోషరస వ్యవస్థకు వచ్చే ఒక క్యాన్సర్) వచ్చింది. కీమోథెరపీ పూర్తయి ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. అయితే ఆ మందులు పిల్లలు కలిగే అవకాశాన్ని దెబ్బతీయవచ్చని చికిత్సకు ముందు మాకెవరూ చెప్పలేదు. నేను బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. క్యాన్సర్ రోగుల సంతాన సామర్థ్యాన్ని కాపాడే రంగంలో పరిశోధన గానీ, అవగాహన కల్పించే పని గానీ చేయాలని ఉంది. ఎంబీబీఎస్ లేకుండా సాధ్యమేనా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ముందుగా మీ అక్క గురించి ఒక మాట. ఏ మందులు ఎంత మోతాదులో వాడారన్నదాన్ని బట్టి ప్రభావం మారుతుంది. ఈ జబ్బుకు తరచుగా ఇచ్చే, నాలుగు మందులు కలిపిన ఏబీవీడీ కీమో చికిత్స తర్వాత చాలామంది మహిళల్లో అండాశయాలు మళ్లీ పనిచేస్తాయి. అవకాశం పోయిందని ఇంట్లో ఎవరూ తేల్చుకోకండి. చికిత్స కాగితాలు తీసుకొని ఆమె ఒక సంతాన సాఫల్య నిపుణురాలిని కలిసి, ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష), అండాశయాల స్కానింగ్ చేయించుకోవడం మంచిది.

మీరు అడిగినది సాధ్యమే. ఈ రంగానికి 2006లో ఆంకోఫెర్టిలిటీ అని పేరు పెట్టిన టెరెసా వుడ్రఫ్ వైద్యురాలు కారు, జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన పరిశోధకురాలు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఆమె నడిపిన ఆంకోఫెర్టిలిటీ కన్సార్షియం క్యాన్సర్ వైద్యులను, సంతాన సాఫల్య నిపుణులను, ప్రయోగశాల శాస్త్రవేత్తలను, న్యాయ, నైతిక శాస్త్రాల వారిని ఒకచోట చేర్చింది. షికాగోలో పాఠశాల బాలికలకు శనివారాల్లో ఈ శాస్త్రాన్ని ప్రయోగాలతో నేర్పింది. ఆమె, సహచరులు 2017లో త్రీడీ ప్రింటర్‌తో జెలటిన్ చట్రం తయారుచేసి, అందులో అండపుటికలను (అండాలు పెరిగే చిన్న సంచులను) నింపి, అండాశయాలు తీసేసిన ఎలుకలలో అమర్చినప్పుడు వాటికి పిల్లలు పుట్టాయి. పరిశోధన, బోధన ఒకే చోట జరిగిన తీరు మీలాంటివారు గమనించదగ్గది.

ఈ వృత్తి స్వరూపం తెలియాలంటే రోగనిర్ధారణకూ మొదటి కీమోకూ నడుమ ఉండే కొద్ది రోజులను చూడాలి. యువకుడైతే వీర్యాన్ని ఒక్కరోజులోనే భద్రపరచవచ్చు. యువతికి అండాలు సేకరించడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పూర్వం నెలసరి కోసం ఆగేవారు, ఇప్పుడు ఏ రోజునైనా ఇంజెక్షన్లు మొదలుపెడుతున్నారు. అంత వ్యవధి లేనివారికి, రజస్వల కాని బాలికలకు అండాశయ కణజాలాన్ని లాప్రోస్కోపీ (చిన్న కోతలతో చేసే శస్త్రచికిత్స) ద్వారా తీసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నిల్వ చేస్తారు. అలా దాచిన కణజాలాన్ని తిరిగి అమర్చుకున్న ఒక మహిళకు 2004లో బెల్జియంలో ఆడపిల్ల పుట్టింది. ఆ తల్లికి వచ్చినదీ హాడ్జ్‌కిన్ లింఫోమాయే. యుక్తవయసు రాని మగపిల్లల వృషణ కణజాలాన్ని ఇలా దాచడం మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ప్రయోగశాల మీకు నచ్చితే ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ (అండాలు, వీర్యం, పిండాలతో ప్రయోగశాలలో చేసే పని నేర్పే చదువు) సరైన మెట్టు. మణిపాల్‌లో ఈ కోర్సు చాలాకాలంగా ఉంది. సహాయక పునరుత్పత్తి సాంకేతికతను నియంత్రించే 2021 చట్టం కింద వచ్చిన నియమాలు ఎంబ్రియాలజిస్టుకు పూర్తికాలపు పీజీ చదువును, ఆపైన ప్రయోగశాల అనుభవాన్ని కోరుతున్నాయి. కొన్ని వారాల సర్టిఫికెట్‌ను నమ్మి ఇంట్లోవాళ్ల డబ్బు పోగొట్టుకున్న విద్యార్థులు నా దగ్గరకు వచ్చారు కనుక గట్టిగా చెబుతున్నాను: విశ్వవిద్యాలయపు పట్టా ఇవ్వని కోర్సులో చేరవద్దు. పరిశోధనే లక్ష్యమైతే ఎమ్మెస్సీ తర్వాత నెట్ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) సాధించి, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ముంబైలోని ఐసీఎంఆర్ పునరుత్పత్తి పరిశోధన సంస్థ వంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

అయితే మీ ఉత్తరం చదివాక నా మనసు రెండో దారి వైపే, అంటే అవగాహన కల్పించే పని వైపే మొగ్గుతున్నది. పెళ్లికాని కూతురికి క్యాన్సర్ అని తెలిసిన రోజే, ఆమె అండాలు దాచుకునే సంగతిని తల్లిదండ్రుల ముందు ఎత్తడం ఎంత కష్టమో ఆలోచించండి. సంబంధాలు చెడిపోతాయన్న భయం, చికిత్స ఆలస్యమవుతుందన్న కంగారు, ఖర్చు, వీటన్నిటి మధ్య ఆ అమ్మాయి అభిప్రాయం ఎవరూ అడగకుండానే నిర్ణయం అయిపోతుంది. ఆమెతో విడిగా, తెలుగులో, ‘నీకేం కావాలమ్మా’ అని అడిగి, ఉన్న దారులనూ వాటి పరిమితులనూ దాచకుండా చెప్పగల మనిషి కావాలి. బిడ్డ పుట్టితీరుతుందన్న హామీ ఈ పద్ధతులలో దేనికీ లేదని కూడా ఆ మనిషే చెప్పాలి. విదేశాల్లో కొన్ని ఆసుపత్రులు ఇందుకోసం పేషెంట్ నావిగేటర్లను (రోగికి దారి చూపే సహాయకులను) నియమించుకున్నాయి. మన చట్టం ప్రకారం సంతాన సాఫల్య కేంద్రాల్లో కౌన్సెలర్ ఉండాలి. ఆ ఉద్యోగానికి సైకాలజీ, నర్సింగ్ చదివినవారితో పాటు జీవశాస్త్ర పట్టభద్రులూ అర్హులే. మీరు దానికి తోడు ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ)లో వైద్య విభాగం గానీ, సైకాలజీ గానీ చదివితే క్యాన్సర్ ఆసుపత్రులు కూడా అందుబాటులోకి వస్తాయి.

ఆంకోఫెర్టిలిటీ అనే పేరుతోనే ప్రకటించే ఉద్యోగాలు ఇక్కడ అరుదు. మొదట మామూలు కౌన్సెలర్‌గానో, జూనియర్ ఎంబ్రియాలజిస్టుగానో చేరి, క్యాన్సర్ రోగుల బాధ్యతను అడిగి తీసుకోవలసి ఉంటుంది. పరీక్షలు ముగియగానే ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రిలో రెండు నెలలు స్వచ్ఛంద సేవకు అనుమతి అడగండి. కొత్తగా చేరిన యువ రోగులకు ఏం చెబుతున్నారో, ఏం చెప్పడం లేదో అనుమతి తీసుకొని, పేర్లు లేకుండా ఒక పుస్తకంలో రాసుకోండి. మీ మార్కులు, ఇంటి ఆర్థిక స్థితి, ఆ రెండు నెలల్లో మీరు గమనించినవి నాకు రాస్తే, ఎంబ్రియాలజీకి దరఖాస్తు చేయాలా, ఎంఎస్‌డబ్ల్యూకా అన్నది అప్పుడు కలిసి తేల్చుకుందాం.