నిబంధనా, షరతా?
మీ ఎంవీపీ కాలనీ ఇంటి అద్దె అగ్రిమెంట్లో 'నిబంధనలు, షరతులు' అని రెండూ ఎందుకు రాశారు, ఒకటే కదా అన్నారు. వాడుకలో ఒకటేనండీ, కానీ నిబంధన సంస్కృతం, లోపల ఉన్నది బంధం, అంటే ఇద్దరూ ఒప్పుకుని కట్టుబడేది, ఐదో తారీఖులోపు అద్దె ఇవ్వాలి లాంటిది. షరతు అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది, అందులో ఒక 'అయితేనే' ఉంటది, రెండు నెలల ముందు చెప్తేనే అడ్వాన్స్ వెనక్కిస్తాం అన్నట్టు. ట్రాఫిక్ నిబంధనలంటే ఉత్త రూల్సే, మనల్నెవడూ అడగలేదు. బైబిల్లో పాత నిబంధన, కొత్త నిబంధన అంటే మాత్రం ఒడంబడిక అనే అర్థం, నాకైతే అసలు రుచి అక్కడే ఉందనిపిస్తది. సంతకానికి ముందు ఆ 'అయితేనే' లైన్లు రెండుసార్లు చదవండి, పెయింటింగ్ ఖర్చు అక్కడే దాక్కుంటది.