చెయ్యి తిమ్మిరిగా ఉంటే ఊరుకోకు

చిన్నా,

స్కూటీ మీద నుంచి పడి విరిగిన మణికట్టుకి కట్టు విప్పి నెల దాటినా వేళ్లు మొద్దుగానే ఉన్నాయని, నీళ్ల చెంబు కూడా చేతిలోంచి జారిపోతోందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చూసిన వాళ్లంతా కొన్నాళ్లు అలాగే ఉంటుందిలే అంటున్నారట. బిగుసుకుపోయిన చేతి విషయంలో అది నిజమే, వారాల తరబడి కదలని చెయ్యి బిగుస్తుంది, కండ తగ్గుతుంది, రోజూ మెల్లగా కదిలిస్తే దారికొస్తుంది. తిమ్మిరి సంగతి వేరు, అది నరానికి సంబంధించింది. అన్నేళ్లు ఫిజియోథెరపీ గదిలో చేతులు పట్టుకుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా, దాన్ని ఊరికే వదిలెయ్యకు.

ముందు ఏ వేళ్లో సరిగ్గా చూసుకో. కళ్లు మూసుకుని ఎవరినైనా దూదితో ఒక్కో వేలి కొసా తాకమను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో మధ్యవేలి వైపు సగం తెలియకపోతే మీడియన్ నరం. చిటికెనవేలు, ఉంగరపువేలిలో మిగతా సగం అయితే అల్నార్ నరం. అన్నం కలుపుతుంటే ముద్ద వేడిగా ఉందో లేదో తెలియట్లేదా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నావా, రాత్రి తిమ్మిరితో లేచి చెయ్యి విదిలించుకుంటున్నావా, ఇవన్నీ కాగితం మీద రాసుకెళ్లు. "చెయ్యి బాలేదు డాక్టర్" అంటే ఆయనకి ఏమర్థమవుతుంది చెప్పు.

మణికట్టు ముందు వైపు ఎముకల మధ్య ఒక ఇరుకు దారి ఉంటుంది, అందులోంచి వేళ్లని ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితో పాటు మీడియన్ నరం వెళ్తాయి. వాపున్నా, విరిగిన ఎముక కాస్త వంకరగా అతుక్కున్నా నలిగేది ఆ నరమే. అందుకే ఎముకల డాక్టర్ దగ్గరికి పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్లు, కొత్తది తీయించమను, నరం ఎంత పనిచేస్తోందో చూసే ఎన్‌సీఎస్ పరీక్ష అవసరమేమో అడుగు. చిన్న చిన్న షాకులు తగిలినట్టుంటుంది అంతే, టెన్షన్ పడకు. బొటనవేలి మొదట్లో వెనకవైపు గుంట పడే చోట నొక్కితే నొప్పి ఉందంటే అదీ చెప్పు, అక్కడుండే స్కాఫాయిడ్ ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు.

రాత్రి మణికట్టు మడత పడకుండా నిటారుగా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుంటే చాలామందికి నిద్ర పడుతుంది. పట్టు రావాలని మెత్తటి బంతి తెచ్చుకుని గంటల తరబడి పిసుకుతున్నావేమో, అది ఇప్పుడే వద్దు, నలిగిన నరాన్ని ఇంకా నలుపుతుంది. వేళ్లు చాపడం, కొక్కెంలా వంచడం, పిడికిలి ముడవడం, ఈ మూడూ నెమ్మదిగా చెయ్యి, మిగతాది మీ ఫిజియో చూపిస్తారు. నరాల బలానికని బీ విటమిన్ మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగకు, నరం నలుగుతుంటే మాత్ర విడిపించదు, పైగా బీ6 ఎక్కువైతే దానివల్లే తిమ్మిరి రావచ్చు. ఇంకోటి, మొద్దుబారిన చేత్తో వేడి కాపడం పెట్టుకోకు, పొయ్యి మీది గిన్నె పట్టుకోకు. కాలినట్టు తెలిసేసరికి బొబ్బ లేచిపోతుంది.

తిమ్మిరి రోజురోజుకీ ఎక్కువవుతున్నా, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ రెండో చేతితో పోలిస్తే పలచబడినా, చెయ్యి వాచి నిగనిగలాడుతూ మంట పుడుతున్నా అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకు, ఆ రోజే వెళ్లు. ఆపరేషన్ అంటే భయపడకు, నరం మీద ఒత్తిడి తీసేసేది పెద్ద ఆపరేషనేం కాదు, ఆలస్యం చేస్తేనే కండ పూర్తిగా తిరిగిరాదు. తెగిన నరం మళ్లీ పెరగడమైతే రోజుకి సుమారు 1 మిల్లీమీటరే, కాబట్టి నెలలు పట్టొచ్చు, ఓపిక కావాలి.

షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా అదే రోజు చేయించుకో, అవి ఉన్నా తిమ్మిరి వస్తుంది. డాక్టర్ ఏమన్నారో సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ