కారు రిపేరు బిల్లు న్యాయమైనదేనా? నల్లగొండలో నా అనుభవం

షోరూములో 18 వేలు చెప్పిన పనిని బయట షెడ్డులో 7 వేలకే చేస్తామంటున్నారు, ఇద్దరిలో ఎవరిది మోసం అని మీరు అడిగారు. రేట్ల తేడా ఒక్కటే చూసి ఎవరినీ మోసగాడని తేల్చకండి. తొమ్మిదేళ్లుగా నల్లగొండలో ఒకే పెట్రోలు కారు నడుపుతున్నాను. నా డబ్బు పోయింది ఎక్కువ రేటు వల్ల కాదు. అవసరం లేని పని చేయించుకున్నందుకు, చేయని పనికి బిల్లు కట్టినందుకు పోయింది.

మూడేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగాను. రోడ్డు పనులు జరుగుతున్న చోట కంకర మీదుగా రావలసి వచ్చింది. ఊళ్లోకి వచ్చేసరికి ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుము గీసినట్టు కీచుమని శబ్దం. మర్నాడు షోరూముకు తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ చక్రం విప్పకుండానే ఎస్టిమేట్ రాశాడు: ముందు బ్రేకు డిస్కులు రెండూ, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు, వీటితో పాటు ఇంజిన్ డీకార్బనైజేషన్ (లోపల పేరుకున్న మసి తీయడం), ఏసీ శుభ్రం చేయడం. మొత్తం 16,400 రూపాయలు. బ్రేకుల విషయం, ఆలస్యం చేయొద్దని భయపెట్టాడు. ఆ కారు ఖర్చంతా మా నాన్నగారి పెన్షన్ నుంచే. సంతకం పెట్టడానికి నాకు చేయి రాలేదు.

దేవరకొండ రోడ్డులో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి, డిస్కును చేత్తో తిప్పుతూ చెవి ఆనించి విన్నాడు. డిస్కు వెనక ఉండే పల్చటి రేకును స్క్రూడ్రైవర్‌తో కాస్త వంచాడు. బొబ్బర గింజంత కంకర రాయి టక్కున సిమెంటు నేల మీద పడింది. శబ్దం పోయింది. ప్యాడ్లు సగానికి పైగా ఉన్నాయని నాకే చూపించాడు. తీసుకున్నది 200 రూపాయలు.

అంతటితో అయిపోలేదు. ఏసీ గాలి సరిగా రావడం లేదంటే డ్యాష్‌బోర్డులో కాగితాలు పెట్టుకునే అర ఊడదీసి, దాని వెనకున్న ఏసీ ఫిల్టర్ బయటికి లాగాడు. నల్లగా మట్టి పేరుకుపోయి, మడతల్లో ఎండిన వేపాకులు. అంతకు నాలుగు నెలల ముందే షోరూము బిల్లులో ‘ఏసీ ఫిల్టర్ మార్పిడి’ అని 640 రూపాయలు కట్టాను! ఫోటో తీసి, బిల్లు పట్టుకుని మేనేజర్ ముందు పెట్టాను. మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు. డబ్బు వచ్చినా నా కోపం చల్లారలేదు. ఫిల్టర్ ఎక్కడుంటుందో తెలియని వాళ్లు ఎంతమంది అలా కట్టి ఉంటారు?

అలాగని షెడ్డులన్నీ ధర్మసత్రాలు కావు. అంతకుముందు మరో షెడ్డులో చవకగా వేయించుకున్న ప్యాడ్లు ఆరు వేల కిలోమీటర్లకే అరిగిపోయాయి. బిల్లు లేదు, ప్యాకెట్ చూడలేదు. డూప్లికేట్ సామాను అని తర్వాత తెలిసింది. బ్రేకుల్లో అలాంటి సరుకు వేయడం దొంగతనం కంటే పెద్ద తప్పని నా అభిప్రాయం.

మీరు చెప్పిన తేడా విషయానికి వస్తే, షోరూములో లేబర్ ఛార్జీ ఎక్కువ, దాని మీద 18 శాతం జీఎస్టీ. షెడ్డు ఖర్చులు తక్కువ, చాలాచోట్ల పన్ను బిల్లే ఉండదు. కానీ ఒరిజినల్ సామానుకు ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, పన్ను అందులోనే కలిసి ఉంటుంది. దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఒప్పుకోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటికి 28 శాతం ఉండేది కాబట్టి, పాత రేటు చెబుతున్నారేమో అడగండి. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని అడ్డుకోకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దాని మీద పై కోర్టులకు వెళ్లాయి. బయటి మెకానిక్‌కు సామాను అందకపోతే మనకు షోరూము తప్ప దారి ఉండదు.

మీ ఎస్టిమేట్‌లో ఏ పని ఎందుకో ఒక్కొక్కటీ అడగండి. కారు అప్పగించేటప్పుడు చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాయనివ్వకండి. ఏ వేగంలో, ఏ చక్రం దగ్గర శబ్దమో మీ మాటల్లోనే రాయించండి. డీకార్బనైజేషన్, ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగం) శుభ్రం వంటివి ఓనర్ మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో లేకపోతే కొట్టేయమనండి. అన్నిటికంటే ముఖ్యం, తీసేసిన పాత సామాను డిక్కీలో పెట్టమని ముందే చెప్పి జాబ్ కార్డు మీద రాయించండి. ఆ ఒక్క మాటతో నా తర్వాతి ఎస్టిమేట్ దాదాపు సగానికి దిగింది. వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూములోనే చేయించండి. అది అయిపోయాక, విప్పి చూపించే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

ఇప్పటికే ఎక్కువ కట్టి ఉంటే ముందు రాతపూర్వకంగా మేనేజర్‌ను అడగండి. స్పందన లేకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. బిల్లు, జాబ్ కార్డు, ఫోటోలు జాగ్రత్తగా ఉంచుకోండి. ఎస్టిమేట్‌లోని పనులు ఇక్కడ రాస్తే, ఏది నిజంగా అవసరమో నాకు తెలిసినంతవరకు చెబుతాను.