దత్తత రద్దు చేసుకుని బాబును వెనక్కి పంపేయవచ్చా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. మాకు పిల్లలు కలగకపోవడంతో మా చెల్లెలి రెండో కొడుకును ఏడాదిన్నర వయసులో దత్తత తీసుకున్నాం. పత్రం రిజిస్టర్ చేయించాం. బాబుకు ఇప్పుడు 15 ఏళ్లు. పోయిన వేసవిలో ఒక పెళ్లిలో బంధువులెవరో నోరు జారడంతో వాడికి సంగతి తెలిసింది. అప్పటి నుంచి బడి ఎగ్గొడుతున్నాడు. వాడు మా ఆయన బండి తీసుకుని వెళ్లి రాత్రి పదైతే గాని రావడం లేదు. ఏమన్నా అంటే 'నువ్వు నన్ను కన్నావా, అడగడానికి నువ్వెవరు' అంటాడు. మొన్న మా ఆయన బెల్టుతో కొట్టారు. దత్తత రద్దు చేసుకుని చెల్లెలి దగ్గరికి పంపేయమని అత్తగారి వైపు వాళ్లు అంటున్నారు. అలా చేయవచ్చా? కొట్టినందుకు కేసు అవుతుందా?

జవాబు: అమ్మా, రద్దు కుదరదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో వచ్చింది. చెల్లుబాటయ్యే దత్తతను పెంచిన తల్లిదండ్రులు రద్దు చేసుకోలేరని దాని 15వ సెక్షన్ చెబుతోంది. ఆ బిడ్డ కూడా 'నాకు మీరొద్దు' అని కన్నవారింటికి కొడుకుగా తిరిగి వెళ్లలేడు. ఇద్దరికీ ఒకటే కట్టుబాటు. మీ చెల్లెలు, మరిది ఇచ్చినట్టు, మీ దంపతులు తీసుకున్నట్టు అందరూ సంతకాలు చేసిన రిజిస్టర్డ్ పత్రం ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు భావిస్తుంది. కాదనేవాళ్లే రుజువు చేయాలి. హోమం చేయలేదు కాబట్టి చెల్లదని ఎవరైనా అన్నా పట్టించుకోకండి, దత్త హోమం తప్పనిసరి కాదు.

అందుకే మీ ఇంట్లో 'రద్దు చేసుకుంటాం', 'పంపేస్తాం' అనే మాటలు ఈరోజుతో ఆపేయండి. చట్టంలో వాటికి విలువ లేదు. కానీ వాడి మనసులో ఇప్పటికే ఉన్న భయం 'నన్ను ఒకసారి ఇచ్చేశారు, మళ్లీ ఇచ్చేస్తారేమో' అన్నదే అయి ఉంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా అది నిజమని నమ్ముతాడు. 'నువ్వెవరు' అని అడిగినప్పుడు గొడవ పడకుండా, 'చట్టప్రకారం కూడా నేనే నీ అమ్మను, ఎవరూ మార్చలేరు' అని చెప్పండి. దత్తత పత్రం చూడాలంటే చూపించండి. దత్తత జరిగిన రోజు నుంచి అన్ని విషయాల్లోనూ వాడు మీ బిడ్డే అని 12వ సెక్షన్ అంటోంది. కాబట్టి అడిగే హక్కు కన్నతల్లికి ఎంత ఉంటుందో మీకూ అంతే ఉంది.

ఇక బెల్టు సంగతి. మీ వారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఇది ఆగాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న బిడ్డను అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా కొట్టినా, వదిలేసినా, నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 'తండ్రిని, మంచి కోసమే కొట్టాను' అనే వాదన చాలామంది నమ్ముకుంటారు. పిల్లల మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్‌లో కొంత రక్షణ ఉన్న మాట నిజమే. కానీ అది 12 ఏళ్లలోపు పిల్లల విషయంలోనే. మీ బాబుకు 15. ఒంటి మీద వాతలు బడిలో ఎవరైనా చూసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే, విషయం బాలల సంక్షేమ కమిటీ దాకా వెళ్తుంది. గదిలో పెట్టి తాళం వేయడం, అన్నం పెట్టకపోవడం, బడి మాన్పించడం కూడా చేయకూడదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. ఫోన్‌కు వేళలు పెట్టడం, పాకెట్ మనీ తగ్గించడం, రాత్రి ఎన్నింటికి ఇంట్లో ఉండాలో చెప్పడం మీ ఇష్టం, ఏ చట్టమూ అడ్డు రాదు.

బండి తాళం మాత్రం ఇవాళే దాచేయండి. మైనర్ బండి నడిపి నేరం జరిగితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద సంరక్షకుడి మీద, బండి యజమాని మీద కేసు పడుతుంది. మీ ఇంట్లో ఆ ఇద్దరూ మీ వారే. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా రాదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని మీ వారే రుజువు చేసుకోవాలి. రోజూ పదింటిదాకా తిరుగుతున్నాడని ఊరంతా చూస్తుంటే ఆ మాట నిలబడదు.

పోలీసులతో బెదిరిద్దామనే ఆలోచన కూడా వద్దు. మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి కౌన్సెలింగ్ అడగండి. మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఇంటి నుంచే ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ దంపతులిద్దరూ కూడా మాట్లాడండి, మీ టెన్షన్ కూడా తక్కువేం కాదు.

సెలవుల్లో పిన్ని ఇంటికి వెళ్తానంటే పంపండి. దానివల్ల దత్తతకు ఏమీ కాదు. శిక్షగా పంపకండి, తిరిగి వచ్చే రోజు ముందే చెప్పి పంపండి. ఎప్పుడైనా చెప్పకుండా వెళ్లిపోతే, ముందు చెల్లెలికి ఫోన్ చేయండి. అక్కడ లేకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే స్టేషన్‌కు వెళ్లండి. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫిర్యాదులో 'పెంచిన కొడుకు' అని రాయాల్సిన పని లేదు. 'మా అబ్బాయి' అని రాస్తే చాలు.