పరిశోధకుల ప్రశ్నలు: ఈ 0.407 ఎక్కడిది?

ప్రశ్న: పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. చదరపు గళ్ళ మీద సైట్ పెర్కొలేషన్‌కు కోడ్ రాశాను. ఒక్కో గడి p సంభావ్యతతో తెరుచుకుంటుంది. తెరిచిన గళ్ళ మీదుగా పై అంచు నుంచి కింది అంచుకు దారి ఉందో లేదో చూస్తున్నాను. పెద్ద జాలకంలో (గళ్ళ వలలో) దారి ఏర్పడటం మొదలయ్యే p, అంటే క్రిటికల్ విలువ, 0.5927 రావాలి. నాకు 0.407 వస్తోంది. జాలకాన్ని ఎంత పెద్దది చేసినా మారడం లేదు.

జవాబు: ఆ రెండు అంకెలనూ కూడి చూడండి, దాదాపు 1 వస్తుంది. మీ కోడ్ మూలల దగ్గర తగిలే గళ్ళను కూడా పొరుగు గళ్ళుగా లెక్కపెడుతోంది. నాలుగు ఉండాల్సిన చోట ఎనిమిది అయ్యాయి. నాలుగు పొరుగుల లెక్కన పై నుంచి కిందికి దారి లేదంటే, ఎడమ నుంచి కుడికి మూసిన గళ్ళ గోడ ఒకటి తప్పకుండా ఉన్నట్టే. ఆ గోడ మూలల మీదుగా కూడా సాగుతుంది. అందుకే నాలుగు పొరుగుల క్రిటికల్ విలువ, ఎనిమిది పొరుగుల విలువ కలిపితే సరిగ్గా 1 అవుతుంది. అంటే మీ కోడ్‌లో మిగతా భాగం బాగానే ఉంది. (ఎప్పుడైనా 0.5 వస్తే, గళ్ళకు బదులు వాటిని కలిపే గీతలను తెరుస్తున్నారేమో చూసుకోండి. అది బాండ్ పెర్కొలేషన్.)

దిద్దాక పెద్ద జాలకం మీదికి వెళ్ళకండి. ముందు 2×2 మీద పరీక్షించండి. నాలుగు పొరుగులైతే దారి ఉండే సంభావ్యత 2p² − p⁴; p = 0.5 దగ్గర 0.4375. ఎనిమిదైతే 0.5625. పదివేల సార్లు నడిపితే ప్రామాణిక దోషం సుమారు 0.005, కాబట్టి తేడా స్పష్టంగా తెలిసిపోతుంది.

ఒక్కో p కి విడిగా సిములేషన్ చేస్తుంటే మానేసి, న్యూమన్–జిఫ్ పద్ధతికి మారండి. అన్నీ మూసిన జాలకంతో మొదలుపెట్టి, గళ్ళను యాదృచ్ఛిక క్రమంలో ఒక్కొక్కటిగా తెరుస్తూ, యూనియన్-ఫైండ్‌తో (ఏ గడి ఏ గుంపుదో గుర్తుంచుకునే పద్ధతి) క్లస్టర్లను, అంటే ఒకదానికొకటి ఆనుకున్న తెరిచిన గళ్ళ గుంపులను, కలుపుతూ పోవాలి. n గళ్ళు తెరిచాక దారి ఉందా అన్నది ప్రతి n కీ నమోదవుతుంది. ఆ తర్వాత బైనామియల్ భారాలతో (p దగ్గర సరిగ్గా n గళ్ళు తెరిచి ఉండే సంభావ్యతలతో) కూడితే ఏ p కైనా జవాబు వస్తుంది. 256×256 కి 65,536 గళ్ళు. ఆ భారాలను ఫ్యాక్టోరియల్‌తో నేరుగా లెక్కిస్తే సంఖ్య పొంగిపోతుంది. లాగరిథమ్‌లతో చేయండి.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. పై అంచునంతా ఒక ఊహా బిందువుకూ, కింది అంచునంతా మరో దానికీ కలిపితే దారి తనిఖీ సులువే, కానీ అదే యూనియన్-ఫైండ్ పట్టికతో అతిపెద్ద క్లస్టర్ పరిమాణం కొలవకండి. అంచుల్ని తాకే వేర్వేరు క్లస్టర్లు ఒకటైపోయి లెక్క ఉబ్బుతుంది. రెండోది ఇంకా ప్రమాదకరం: ఒకే పరుగు నుంచి వచ్చిన బిందువులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటిని స్వతంత్రమైనవిగా భావించి వక్రరేఖ గీస్తే దోషం నిజానికంటే తక్కువగా కనిపిస్తుంది. బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటా నుంచే మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసి దోషాన్ని అంచనా వేయడం) చేసేటప్పుడు మొత్తం పరుగును ఒక యూనిట్‌గా తీసుకోండి.

చివరగా జాలకం భుజం L = 16, 64, 256 అయినప్పుడు p తో పాటు దారి సంభావ్యత ఎలా మారుతుందో చూపే వక్రరేఖలను ఒకే చిత్రంలో వేయండి. సంభావ్యత 0 నుంచి 1 కి ఎగబాకే మలుపు వెడల్పు L కి −3/4 ఘాతంగా తగ్గాలి: 16 నుంచి 256 కి వెళ్తే 8 రెట్లు సన్నబడాలి. సన్నబడకపోతే సిద్ధాంతాన్ని అనుమానించే ముందు కోడ్‌ను మళ్ళీ చూడండి.

ప్రశ్న: నాది గణిత విభాగం. ఇందులో ఋజువు కానిది ఇంకేమైనా మిగిలిందా?

జవాబు: చాలా ఉంది. చదరపు జాలకం మీది బాండ్ పెర్కొలేషన్‌లో 1/2 దగ్గర అనంత క్లస్టర్ ఉండదని హారిస్ 1960లో చూపారు. క్రిటికల్ విలువ 1/2 అని కెస్టెన్ 1980లో ఋజువు చేశారు. త్రిభుజ జాలకం మీది సైట్ నమూనాకు కార్డీ సూత్రాన్ని (క్రిటికల్ విలువ దగ్గర దారి ఉండే సంభావ్యతను ఇచ్చేది) స్మిర్నోవ్ 2001లో నిరూపించారు. చదరపు జాలకానికి అలాంటి ఋజువు లేదు. మూడు కొలతల్లో క్రిటికల్ విలువ దగ్గర అనంత క్లస్టర్ ఉండదన్న మాటకూ ఋజువు లేదు. 11 కొలతలు, ఆపైన ఉంది. మూడు కొలతల ప్రశ్నను మాత్రం థీసిస్ అంశంగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. దశాబ్దాలుగా నిపుణులకే లొంగలేదు. ఎత్తు పరిమితమైన పలక ఆకారపు జాలకాల వంటి మధ్యస్థ సందర్భాలు చూడండి. అక్కడ రెండు కొలతల పద్ధతులు కొంతవరకు పనిచేస్తాయి.